అచ్చుకెక్కిన చేతివ్రాత : తెలుగు ఖతులలో కొన్ని ప్రయోగముల పరిశీలనము

గ్రంథవిమర్శకులు గ్రంథమునందలి మాటను పరిశీలింతురు; ఆ మాట యే యాకారముతో పాఠకుని కంటికి వచ్చినదో పరిశీలింపరు. తాళపత్రప్రతులను సరిచూచునపుడు వ్రాయసకాని చేతిని మనము తలచుకొనుట కలదు గాని, అదియు నాతడు చేసిన తప్పులను పట్టుకొనుటకే. పకారమును వకారముగా చదువుటకు వీలిచ్చిన గీత యెట్టిదో, గుడిని గుడిదీర్ఘముగా భ్రమింపజేసిన మెలిక యెక్కడిదో తెలిసికొన్న పిదప నా చేతిని మరచిపోదుము. అచ్చుపుస్తకమునకు వచ్చుసరికి ఆ మాత్రపు తలపు కూడ లేదు. అచ్చక్షరము గాలివలె, వెలుతురువలె తనంత తాను వచ్చినదని యనుకొందుము. అది యొకరు గీచిన గీత యనియు, గీచినవారికి నేర్పును నేర్పులేమియు, అభిరుచియు ననభిరుచియు నుండుననియు మనకు స్ఫురింపదు.

ఇట్టి యుదాసీనత యికమీదట చెల్లదు. చేతితో గీచిన అక్షరములను ఆధారముగా గొని కంప్యూటరులో వాడదగిన అక్షరసముదాయములను కల్పించు ప్రయత్నములు గడచిన రెండు మూడు దశాబ్దములలో తెలుగున విరివిగా జరిగినవి. ఇట్టి సముదాయమును వాడుకలో ‘ఫాంటు’ అందురు. ‘ఖతి’ యను మాటను కొందరు ప్రచారమునకు దెచ్చిరి. పొట్టిది, తెలుగు నోటికి పట్టునది గావున మేమును దానినే వాడుచున్నాము. నవలల అట్టలు, సినిమాపేర్లు, పెండ్లిపత్రికలు, దుకాణముల పలకలు, పిల్లల బొమ్మలపుస్తకములు – వీనియందు నేడు మనకు కనబడు ‘చేతివ్రాత’లో చాలభాగము చేతివ్రాత కాదు, చేతివ్రాత పోలిక గల ఖతి. చేతి అక్షరము ఖతిగా మారునపుడు దక్కునదేమి, జారిపోవునదేమి యనునదే యీ వ్యాసమునకు విషయము. మేము చిత్రకారులము గాము. తెలుగు చదివి, చదివించి, అచ్చుచిత్తులు దిద్ది జీవించువారము. ఆ దృష్టితోనే చూచుచున్నాము.

పనిముట్టు అక్షరమును దిద్దునను మాట క్రొత్తది కాదు. కడప సీమలోని కలమళ్ల శాసనము మొదలు (క్రీ.శ. 575 ప్రాంతము) ఉలి చెక్కిన అక్షరములను, గంటము గీచిన అక్షరములను ప్రక్కప్రక్కన బెట్టి చూచినవారికి నిది తెలియును. తాటియాకుపై అడ్డముగా బలమైన గీత లాగినచో ఆకు ఈనెవెంట చీలును. కావుననే మన లిపి గుండ్రనైనదని చెప్పుదురు. ఇది కొంతవరకు సత్యమే. కాని పనిముట్టే సర్వము నిర్ణయించునన్నచో తలకట్టు సంగతి తెగదు. శాసనలిపిలో అక్షరశిరమున చిన్న అడ్డగీతగా నుండిన దానిని కన్నడమువారు అడ్డముగానే యుంచుకొనిరి. మనవారు దానిని పైకి విసరి గంటుగా మార్చిరి. అదే యాకు, అదే గంటము. చేతి మొగ్గు మాత్రము వేరు. తెలుగు అక్షరమును కన్నడాక్షరమునుండి తొలిచూపున వేరుచేయునది యా విసురే. లిపిచరిత్రలో చేతి రుచికి పనిముట్టుతో సమానముగా పాలు కలదనుటకు మే మింతకంటె దృష్టాంతము కోరము.

అచ్చు వచ్చిన పిదప పరిస్థితి తారుమారైనది. తెలుగు అక్షరములతో మొదటి పుస్తకములు తెలుగునేలపై గాక జర్మనీదేశమందలి హాలె పట్టణమున 1746–47 సంవత్సరములలో, బెంజమిన్ షుల్జ్ పూనికతో అచ్చైనవి. పిమ్మట 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణము శ్రీరాంపురమునను, 1816లో క్యాంబెల్ దొర వ్యాకరణము చెన్నపట్టణమునను వెలువడినవి. ఇవి యన్నియు చరిత్రకారులెరిగిన సంగతులే. మా ప్రస్తుతమునకు కావలసినది యొక్కటి. పోతపోసిన సీసపుదిమ్మ యెన్ని మారులు వాడినను నొకటే ముఖము చూపును. వ్రాయసకాడు ‘కలకల’ యని వ్రాసినచో రెండు కకారములును రెండు విధములుగా నుండును. రెండవ లకారము పంక్తి చివర పడినచో దాని తోక కొంచెము సాగును. కంపోజిటరు చేతిలో రెండు కకారములును కవలలు. ఈ కవలతనమునకు మన కన్నులు రెండు శతాబ్దములుగా నలవాటుపడినవి. అది గ్రంథపఠనమునకు మేలే చేసినది. పాఠకుడు గీతను చూడక మాటను చూచుటకు వీలైనది. కావున అచ్చక్షరము నిర్జీవమని నిందించువారితో మేము చేరము. చేతి యక్షరము కొరకు పలుకుటకు ముందు ఈ ఋణము నొప్పుకొనుట న్యాయము.

తెలుగులో ఈ కవలతనమును సాధించుటయు సులభము కాలేదు. లెక్క చూడుడు. ముప్పదియైదు హల్లులకు పదుమూడేసి గుణింతరూపములు గట్టినచో 455 అగును. ఒక్కొక్కదాని క్రింద ఒక్కొక్క వత్తు చేర్చినచో 15,925. రెండేసి వత్తుల సంయుక్తముల నింకను లెక్కింపలేదు. భాషలో నిన్నియు వాడబడవు, నిజమే. కాని యేది వాడబడునో ముందుగా నెవ్వరు చెప్పగలరు? ఇంగ్లీషు అక్షరములను గీచువాడు పెద్దవియు చిన్నవియు గలిపి యేబదిరెండు రూపములతో మూలమును ముగించుకొనును. కావున తెలుగు అచ్చువారు మొదటినుండియు నక్షరమును ముక్కలు చేసిరి: ఒడలు వేరు, తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు. కంప్యూటరు యుగమునను పద్ధతి యిదియే. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణము నుండియు తెలుగునకు గల విభాగమున 128 స్థానములే యున్నవి. అందు సంయుక్తాక్షరములకు స్థానములు లేవు. ముక్కలను గూర్చి యక్షరమును నిలుపు భారము ఖతిపైనను, దానిని చదువు యంత్రాంగముపైనను పడినది.

ఈ కూర్పులో సూక్ష్మము లెన్నియో కలవు. ఒకదానిని మాత్రము చెప్పుదుము. వకారమునకు కొమ్ము పెట్టునపుడు దానిని తక్కిన యక్షరములవలె కుడిప్రక్కన పెట్టక క్రిందికి దించి వ్రాయుట మనకు చిన్ననాటినుండి యలవాటు. కారణమడిగిన విద్యార్థి యెవ్వడును లేడు. వకారము ప్రక్కన మామూలు కొమ్ము పెట్టినచో నది మకారమై కూర్చుండును! పూర్వులు చేతితో వ్రాయుచు వ్రాయుచు నీ చిక్కును గుర్తించి, కొమ్మును జార్చి, రెంటిని వేరుచేసిరి. చేతి పోలిక గల ఖతులను రచించు నేటివారిలో కొందరు వేగముగా విసరిన గీతల సొగసులో పడి యీ భేదమును చెరిపివేయుచున్నారు. ‘తావు’ను ‘తామ’ యని చదువుకొనవలసి వచ్చినపుడు సొగసు పాఠకునకు ఏమి యుపకరించును? అక్షరము వంకరగా నుండవచ్చును. మరియొక అక్షరముగా నుండరాదు. ఇది మేము పాటించు మొదటి కొలత.

చేతి అక్షరమును ప్రజాభిరుచిగా మార్చినవారిలో అగ్రగణ్యుడు బాపు (1933–2014) అనుటలో వివాదము లేదు. ఆయన చిత్రములను గూర్చి, చలనచిత్రములను గూర్చి వ్రాసినవారు పెక్కురు. ఆయన యక్షరమును గూర్చి పొగడ్తయే గాని పరిశీలన తక్కువ. ఆయన వృత్తము వృత్తము కాదు. ఒకవైపు నొక్కబడి, మరియొకవైపు పొంగిన కోడిగ్రుడ్డు. కుంచె మొదట దిగిన చోట గీత లావుగాను, లేచిన చోట సన్నగాను నుండుటచే ప్రతి యక్షరమునకు నొక నడక యేర్పడును. పంక్తియొక్క పునాదిగీతను ఆయన గౌరవించినట్లే కనబడును గాని యక్షరములు దానిపై బుద్ధిమంతులవలె కూర్చుండవు. ఒకటి లేచును, ఒకటి వ్రాలును. తలకట్టు ఒడలికి అతుకక గాలిలో నొక చిటికెవలె నుండుటయు కలదు. ఇంతవరకు నందరును గుర్తించినదే. మా దృష్టిలో ముఖ్యమైన గుణము వేరొకటి. బాపు అక్షరమును వ్రాయలేదు, పేరును వ్రాసెను. ముళ్లపూడి వారి ‘బుడుగు’ వంటి హాస్యరచనకు ఆయన చేయి పలికిన పలుకును, రామకథాచిత్రముల సరసన పలికిన పలుకును ఒకటి కాదు. అట్టపై బొమ్మ యెటు చూచుచున్నదో, రచన యే గొంతుతో మాటలాడుచున్నదో గమనించి యా పేరునకు తగిన రూపమును ఆయన యప్పటికప్పుడు కల్పించెను.

ఆ యక్షరముల పోలికతో ఖతులు వెలువడినవి, ఇంటింటికి చేరినవి. ఇందు సంతోషింపదగిన దున్నది. చిత్రకారునకు సొమ్మీయలేని చిన్న ప్రచురణకర్త, పల్లెటూరి పాఠశాలలో గోడపత్రిక నడుపు ఉపాధ్యాయుడు కూడ నా సొబగులో కొంత పాలు పొందిరి. కాని ఫలితమును నిష్పక్షపాతముగా చూడుడు. అదే యక్షరము పెండ్లిపిలుపునకును, మిఠాయి దుకాణమునకును, సంస్మరణసభకును! ఒక పెద్దమనిషి దశదినకర్మ పత్రికపై ఆ కులుకు నవ్వుల యక్షరమును చూచినపుడు మాకు కలిగిన యిబ్బంది యింతింత కాదు. వ్రాసినవారి యుద్దేశము దుష్టము కాదు. అందమైన తెలుగక్షరమన్న నదియే వారెరిగినది. తప్పు బాపుది కాదు, ఖతిని రచించినవారిది కూడ కాదు. సందర్భమును బట్టి పుట్టిన గీతను సందర్భమునుండి వేరుచేసి సర్వత్ర వర్తింపజేయుట ఖతియొక్క స్వభావము. ఆ స్వభావమును వాడువారు గుర్తింపకపోవుటయే దోషము.

ఈ సంగతిని మేము పుస్తకములనుండి నేర్చుకొనలేదు. మా శాఖ వార్షికసంచికకు చాలకాలము అట్టమీది పేర్లను మా యూరి పెయింటరు ఒకాయన వ్రాసెడివాడు. ఆయన జీవనము దుకాణముల పలకలు, ఎన్నికల గోడవ్రాతలు, లారీల వెనుకభాగములు. సుద్ద పట్టించిన నూలుదారమును లాగి విడిచి పునాదిగీతను గొట్టి, మాటయందలి యక్షరములను లెక్కించి, నడిమి యక్షరముతో మొదలిడి యిరువైపులకు జరుగుట ఆయన పద్ధతి. ఫ్లెక్సీలు వచ్చిన పిదప గోడలు పోయినవి, పలకలు పోయినవి. ఏటికొక అట్ట మాత్రము మిగిలినది. నాలుగేండ్ల క్రిందట మా విద్యార్థులలో కంప్యూటరు తెలిసిన యిరువురు ఆయన యక్షరములతో నొక ఖతిని చేయుదమని యుత్సాహపడిరి. మేమును ప్రోత్సహించితిమి. పాత సంచికల యట్టలన్నిటిని ఛాయాగ్రహణము చేసి, అక్షరములను వేరుచేసి, వాని యంచులవెంట వక్రరేఖలను గీచి పట్టికలో కూర్చిరి.

మొదటి చిక్కు కొరత. ‘సాహిత్యము’, ‘పరిశోధనము’, ‘సంచిక’ – ఏటేట నవే మాటలు గావున తకారములు కుప్పలుగా దొరకినవి. ఝకారము లేదు, ఙకారము లేదు, ఠకారము లేదు. లేనివానిని వ్రాయించుకొని రమ్మని విద్యార్థులను పంపి, పిమ్మట మేము కూడ వెళ్లితిమి. తెల్లకాగితము ముందుంచి ఙకారము వ్రాయుమంటిమి. ఆయన కుంచె పట్టుకొని చాలసేపు కూర్చుండి, “ఏ మాటలో రాయాలి సార్?” అని యడిగెను. మాట యేదియు లేదు, అక్షరము మాత్రమే కావలెనంటిమి. “ఉత్త అక్షరం ఎలా రాస్తామండీ? పక్కన ఏముందో తెలియాలి గదా” అనెను. చివరకు ‘వాఙ్మయము’ అను మాట చెప్పగా సుళువుగా వ్రాసి యిచ్చెను. అందు ఙకారము చిన్నదిగా నుండెను. క్రింద మవత్తునకు చోటు విడువవలె గదా! దానిని కత్తిరించి ఖతిలో చేర్చినపుడు తక్కిన యక్షరముల నడుమ అది పెద్దల సభలో పిల్లవానివలె కనబడెను.

రెండవ చిక్కు దీనికంటె గట్టిది. అట్టలనుండి తీసిన యక్షరములు తమ తమ పేర్లలో నున్నపుడు నిటారుగా నుండినట్లే తోచినవి. వేరుచేయగానే ఒకటి ఎడమకు వ్రాలుచున్నట్లును, ఒకటి పడిపోవుచున్నట్లును కనబడినవి. కారణము వెదకి చూచితిమి. ఒక పేరులో కకారము తోక ముందుకు సాగినందున, దాని ప్రక్కనున్న లకారమును ఆయన కొంచెము వెనుకకు వంచెను. రెండును గలిసి తూకము నిలిచినది. కకారము పోగా లకారము వంపునకు అర్థము పోయినది. విద్యార్థులు దానిని సరిచేసి నిటారుగా నిలిపిరి. నిలిపిన పిదప నది యెవ్వరి లకారమైనను కావచ్చును. ఆ ఖతితో నొక సంచిక పేరు ముద్రించితిమి. ఉద్యోగవిరమణ చేసిన మా పూర్వసహోద్యోగి యొకరు దానిని చూచి, పెయింటరుకు చేయి వణకుచున్నదా యని యడిగిరి.

ఈ వైఫల్యమును బట్టి చేతి అక్షరము ఖతికి పనికిరాదని నిర్ణయించుట తొందరపాటు. మా విద్యార్థులు ఖతిరచన యెరిగినవారు కారు. ఎరిగినవారు చేసిన ప్రయోగములు వేరుగా నున్నవి. నేటి ఖతులలో నొక యక్షరమునకు రెండు మూడు రూపములను దాచియుంచి, ముందువెనుకల నున్న యక్షరములను బట్టి వానిలో నొకదానిని యెన్నుకొనునట్లు నియమములు వ్రాయుటకు వీలున్నది. ‘కలకల’లోని రెండు కకారములును రెండు ముఖములతో కనబడుట కిది చాలును. పెయింటరు “పక్కన ఏముందో తెలియాలి” అన్న ప్రశ్నకు యంత్రము తన యెరుకలోనంత సమాధానము చెప్పుకొనును. కాని శ్రమ యెంతయో యాలోచింపుడు. పైన మేము చెప్పిన గుణింతరూపములకు మూడేసి చొప్పున గీచినచో వత్తులను చేర్చకయే 1,365 అగును. ఇంగ్లీషునకు నూటయేబదియారుతో తీరిపోవు పని. కావుననే తెలుగు చేతివ్రాత ఖతులలో పెక్కు ప్రతి యక్షరమునకు నొక్క రూపముతోనే తృప్తిపడుచున్నవి. కదలికను నటించుచు నదే కదలికను మరల మరల చేయుచున్నవి. ఒకే తీరున వంకరగా నున్న రెండు ముకారములు ప్రక్కప్రక్కన వచ్చినచో, సీసపు ముకారములకంటె నవి యెక్కువ యంత్రప్రాయముగా తోచును. నిటారుగా నున్న కవలలను కన్ను క్షమించును. ఒకే కాలితో కుంటు కవలలను క్షమింపదు.

వేరొక మార్గము త్రొక్కినవారు కలరు. చేతి తడబాటును అనుకరింపక, చేతి మెత్తదనమును మాత్రము గ్రహించి క్రొత్త రూపములను కల్పించుట వారి మార్గము. ఎక్ టైప్ అను సంస్థవారి ‘బలూ’ ఖతికుటుంబము ఇందుకు మంచి యుదాహరణము. ఒక్కొక్క భారతీయలిపికి ఒక్కొక్క ముద్దుపేరు పెట్టి, తెలుగునకు ‘తమ్ముడు’ అనిరి. కన్నడమునకు ‘తమ్మ’, తమిళమునకు ‘తంబి’. గీత లావైనది, కొనలు గుండ్రనివి. లోపలి ఖాళీలు చిన్నవైనను మూసికొనిపోవు. అది యే పెయింటరు చేతికిని నకలు కాదు. అయినను లావు కుంచె పట్టినవాని చేతిలో నుండు నిదానము అందున్నది. అదే సంస్థవారి ‘అనేక్’ కుటుంబము మరియొక యడుగు వేసినది: 2016లో నేర్పడిన చరఖతి పద్ధతిని గైకొని, అక్షరముల లావును వెడల్పును వాడువాడు తనకు కావలసినంత మార్చుకొనునట్లు చేసినది. పలకపై చోటు చాలనపుడు పెయింటరు అక్షరములను బిగించి వ్రాయుట మన మెరుగుదుము గదా. ఆ నేర్పులో నొక భాగము దీనికి పట్టుబడినదని మా యభిప్రాయము. తెలుగును సన్నగా బిగించునపుడు గుండ్రదనము చెడక తప్పదని మేమనుకొనియుంటిమి. ఈ ఖతిని చూచిన పిదప ఆ యభిప్రాయమును కొంత సడలించుకొంటిమి.

హనీఫ్ కురేషి యను చిత్రకారుడు (2024లో దివంగతుడు) ఉత్తరదేశపు వీధిపెయింటర్ల అక్షరములను వారి పేర్లతోనే ఖతులుగా భద్రపరచిన ప్రయత్నము కూడ నిక్కడ స్మరింపదగినది. ఖతికి వ్రాసినవాని పేరు పెట్టుట చిన్న విషయము కాదు. మనవైపు అట్టి సంకలనము తగినంత జరుగలేదు. సిలికానాంధ్ర వారు ఉచితముగా విడుదల చేసిన ఖతులకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ యని భువనవిజయము వారి పేర్లు పెట్టిరి. ఎవ్వరైనను వాడుకొనుటకు, మార్చుకొనుటకు ననుమతి యిచ్చిన యా యౌదార్యము ప్రశంసనీయము. తెలుగు ఖతుల కొరత దానివలన చాలవరకు తీరినది. కాని లావుపాటి శీర్షికల ఖతికి రామాభ్యుదయకర్త పేరేల వచ్చెనో మాకు బోధపడలేదు. అంతకుముందు తిరుమల కృష్ణదేశికాచార్యులవారు రచించిన ‘పోతన’, ‘వేమన’ ఖతులలో నామౌచిత్యము కొంత కనబడును. పోతనలో గీత పెరిగి తరుగుచు నుండును, వేమనలో నొకే మందముతో నాడంబరము లేక సాగును. ఇది మా వేడుక కొరకు చెప్పిన మాట, సిద్ధాంతము కాదు.

ఇక వత్తులు. తెలుగున చేతి యక్షరమునకు పరీక్షాస్థలము వత్తు. ‘రాష్ట్రము’, ‘లక్ష్మి’, ‘ఊర్ధ్వము’, ‘స్త్రీ’ – ఈ నాలుగు మాటలను వ్రాయించి చూచిన చాలును, ఖతి గుట్టు బయటపడును. చేతితో వ్రాయువాడు ‘రాష్ట్రము’లో టవత్తును షకారము క్రింద నుంచి, క్రావడిని ఎడమనుండి చుట్టి తెచ్చుటయో, లేక రెంటిని కుడివైపునకు జరిపి ముకారము క్రింది ఖాళీలో నిముడ్చుటయో చేయును. ఏది చేయవలెనో ప్రక్కనున్న ఖాళీ చెప్పును. చాల ఖతులలో వత్తులు ఒకదాని క్రింద నొకటి మెట్లవలె దిగిపోవును. క్రింది పంక్తిలోని గుడిదీర్ఘమును పోయి తాకును. తాకకుండుటకై పంక్తుల నడుమ నెడము పెంచినచో పుస్తకము లావగును, పెంచనిచో చిక్కుపడును. చేతిఫోనులలో నైతే ఇంగ్లీషు అక్షరముల యెత్తును బట్టి గీచిన చట్రములో తెలుగు పంక్తి యిమడక, వత్తు క్రిందిభాగము తెగిపోవుటయు కలదు. తెగిన వత్తుతో ‘భక్తుడు’ ఏమగునో పాఠకులే యూహింపవచ్చును. చేతి పోలిక గల ఖతులలో వత్తులు సహజముగా నింకను దూరము సాగును గావున ఈ ప్రమాదము వానికి రెట్టింపు. శీర్షికలకు సరిపోవును, రెండవ పంక్తి వచ్చినచో కలహము మొదలగును.

మావంటి వారికి మరియొక బాధ కలదు. ప్రాచీనకావ్యమునకు అట్ట వేయుటకు, లేక పద్యము నొకదానిని అందముగా ముద్రించి గోడకు తగిలించుటకు, చేతి యక్షరముల ఖతిని వాడబోయినచో అరసున్న యుండదు. ఉన్నను పూర్ణబిందువునకు సగము నరికినట్లుండును. బండిఱ తరచుగా వేరొక ఖతినుండి యెరవు తెచ్చుకొన్నట్లు కనబడును. శాసనములందలి ‘ౚ’ అను నక్షరమునకు 2015లోను, నకారపొల్లునకు 2021లోను యూనికోడ్‌లో స్థానములు లభించినవి. స్థానము లభించుటకును గీత లభించుటకును నడుమ నెంత దూరమున్నదో ఖతులను తెరచి చూచినవారికి తెలియును. ఖతికారులను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. వాడువారు లేని యక్షరమును కష్టపడి యెవ్వరు గీతురు? కాని గీత లేనందున వాడుట మానినవారును కలరు. మా విద్యార్థి యొకడు తన సిద్ధాంతవ్యాసమున అరసున్నలను తొలగించి, కారణమడుగగా ఖతిలో నది బాగుండలేదని చెప్పెను. వ్యాకరణశాస్త్రమున ఇట్టి హేతువును మే మింతకుముందు వినియుండలేదు! హాస్యమునకు చెప్పుచున్నామని తలపకుడు. పద్యమున అరసున్న పోయినచో ద్రుతము లోపించిన చోటు తెలియదు. అన్వయమున కాధారమైన గుర్తు పోవును. అక్షరమును గీచువాని యలసట వలన వ్యాకరణమున నొక గుర్తు చెరగుట మన కన్నులముందు జరుగుచున్నది.

చేతి యక్షరముల ఖతులు లిపిని భ్రష్టము చేయుచున్నవని యాక్షేపించు పెద్దలున్నారు. వారి భయము నిరాధారము కాదు గాని, వారు ప్రమాణముగా చూపు అచ్చక్షరము కూడ నొకనాటి యెవ్వని చేతివ్రాతయో పోతపోయబడినదే. దానిని ఆదిరూపమని పూజింప బనిలేదు. అటులే, ప్రతి వంకరగీతయు స్వేచ్ఛకు చిహ్నమని మెచ్చుకొనుటయు పొరపాటు. ఖతిని రచింపబూనిన యువకులకు మేము చెప్పగలిగినది యొక్కటే: వర్ణమాలతో మొదలిడవలదు. అకారమునుండి ఱకారము వరకు వరుసగా గీచి, పిమ్మట మాటలు కూర్చి చూచుట నేటి పద్ధతి. దానికి బదులు నూరో యిన్నూరో మాటలను – సంయుక్తములు, ద్విత్వములు, అరసున్నలు గలవానిని – ముందుగా చేతితో వ్రాయించి, ఆ మాటలలో నక్షరము లెట్లు సర్దుకొనినవో చూచి, ఆ సర్దుబాటునే నియమములుగా వ్రాసికొనవలెను. శ్రమ యధికమగును. మా శాఖలో నీ పద్ధతిని మరల మొదటినుండి ప్రారంభించితిమి. మాటల పట్టికను మేము సిద్ధము చేసి యిచ్చితిమి. అందు మొదటి మాట ‘వాఙ్మయము’.

పెయింటరు ఇప్పుడు కుంచె పట్టుట లేదు, చూపు తగ్గినది. పట్టికలో నరువది మాటల వరకు వ్రాసి యిచ్చి మానుకొనెను. ఈ యేటి సంచికపై పేరు పాత యట్టనుండి యథాతథముగా తీసికొన్నది. దాని క్రింది సంవత్సరపు అంకెలు మాత్రము ఖతిలోనివి.